నల్లతెర మీద మారుపేర్లు

పీహెచ్‌డీ రోజుల్లో మా డిపార్ట్‌మెంటులో ఎవరికీ పట్టని పాత కంప్యూటర్ ఒకటుండేది. అందులో లినక్స్. 1902లో మొదలైన 'హిందూసుందరి' నుంచి, ఆ తర్వాతి పత్రికల నుంచి స్త్రీల రచనలు ఒక్కొక్కటే టైపు చేసి అందులో దాచుకునేదాన్ని. ఎల్‌ఎస్ అని కొడితే ఫైళ్ల జాబితా వచ్చేది. గ్రెప్ అని కొట్టి పక్కన 'వైధవ్యం' అని రాస్తే ఆ మాటున్న వరసలన్నీ కళ్లముందుకొచ్చేవి. పోపులపెట్టె ఎక్కడుందో చేతికి తెలిసినట్టు ఆ కమాండ్లు నా వేళ్లకి తెలిసిపోయాయి.

ఉద్యోగంలో చేరాక విండోస్ లాప్‌టాప్ ఇచ్చారు. పవర్‌షెల్ తెరిచి ఎల్‌ఎస్ కొట్టాను. పలికింది! పుట్టింటివాళ్లెవరో ఎదురైనట్టు పొంగిపోయాను. అలవాటుకొద్దీ పక్కన మైనస్ ఎల్‌ఏ తగిలించాను. ఎర్రటి అక్షరాలతో కసురుకుంది. అక్కడ ఎల్‌ఎస్ ఒట్టి మారుపేరట. ఆ పిలుపుకి పలికేది గెట్ చైల్డ్‌ఐటమ్. గ్రెప్‌కి ఆ మారుపేరు కూడా లేదు, సెలెక్ట్ స్ట్రింగ్ అనాలి. పెళ్లయ్యాక రేషన్ కార్డులో నా ఇంటిపేరు మార్పించిన రోజు గుర్తొచ్చింది. అది తిరగేసిన కథలెండి: అక్కడ పేరు మారింది, మనిషిని నేనే.

స్నేహితురాలి మ్యాక్‌లో ఇంకో తంటా. అక్కడి సెడ్ బీఎస్‌డీ సంతతి. మైనస్ ఐ తర్వాత బ్యాకప్ పేరేదో చెప్పాలి, ఖాళీదైనా సరే.

ఇవన్నీ నవ్వుకునేవే. ఒక రాత్రి మాత్రం సెమినార్ పేపర్ కోసం లాప్‌టాప్‌లో ఫైళ్లన్నీ క్యాట్‌తో కలిపి ఒకే ఫైల్లోకి మళ్లించాను. లినక్స్‌లో ఎన్నోసార్లు చేసిన పనే. తెరిచి చూస్తే ఒక్క తెలుగక్షరం లేదు. నెత్తిన గీతున్న ఇంగ్లీషు 'ఏ'లు, బుల్లి సున్నాలు. ఎనిమిదేళ్ల టైపింగు! చేతులు చల్లబడిపోయాయి. ఎన్‌కోడింగ్ ఏమిటో చెప్పాలని నాకు తెలీదు. పవర్‌షెల్ 5.1, ముందు గుర్తేమీ లేని యూటీఎఫ్-8 ఫైలుని పాత కోడ్‌పేజీ ప్రకారం చదువుతుంది, మళ్లిస్తే యూటీఎఫ్-16లో రాస్తుంది. ఇంగ్లీషులో రాసుకునేవాళ్లకి ఈ తేడా తెరమీద కనపడదు. 'స్త్రీ' మనకి ఒక్క అక్షరం; యూటీఎఫ్-8లో ఆరు సంకేతాలు, 18 బైట్లు. ఇంగ్లీషు 'ఉమన్' అయిదు బైట్లతో సరి.

మూలం ఫైళ్లు చెక్కుచెదరలేదు కాబట్టి బతికిపోయాను. మర్నాడు సాయం అడిగితే ఆఫీసులో కంప్యూటర్లు చూసే అబ్బాయి, "మీకెందుకు మేడమ్ ఇవన్నీ, వర్డ్‌లో చేసుకోండి" అన్నాడు. ఆ ఆదివారమే కూర్చుని విండోస్‌లోనే లినక్స్ పెట్టుకున్నాను. 2016 నుంచి ఆ వీలుందని అతను చెప్పలేదు మరి.

నిన్న 'సోదరీమణులారా' అని గ్రెప్ చేశాను. తెరనిండా వచ్చారు. ఇంకా చదువుతూనే ఉన్నాను.