డాబా చూసే ముందు బిల్లు చూడండి

హుజూర్‌నగర్ ఎండ సంగతి అక్కడ పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. డాబా మీద మిరపకాయలు పోస్తే రెండు మూడు రోజుల్లో గలగలలాడతాయి. అలాంటి ఊళ్లో ఇంటి మీద సోలార్ పెట్టుకోమని తిరిగేవాళ్లు ఇన్నాళ్లకు వచ్చారంటే ఆలస్యమే గానీ వింత కాదు. ఈమధ్య మా నాయన దగ్గరికీ ఒకాయన వచ్చాడు. మూడు కిలోవాట్లు పెడితే బిల్లు సున్నా, కరెంటు పోయినా ఫ్యాన్లు ఆగవు, సగం డబ్బు గవర్నమెంటే ఇస్తది, ఈ నెలాఖరుకు స్కీము బందయితది అన్నాడట. "ఏమంటవురా, పెట్టిద్దామా?" అని నాయన ఫోన్ చేశాడు.

నేనుండేది కాలిఫోర్నియాలో. ఈ పాట ఇంగ్లీషులో చాలాసార్లు విన్నాను. సెలవురోజు చూసి తలుపు కొడతారు, చేతిలో ట్యాబ్ ఉంటుంది, మీరు పైసా పెట్టక్కర్లేదంటారు. అది అబద్ధం కాదు. ప్యానెళ్లు మనవి కావు కాబట్టి పెట్టక్కర్లేదు. అది పాతికేళ్ల లీజు, చాలావాటిలో కిరాయి ఏటా పెరుగుతుంది. మధ్యలో ఇల్లు అమ్మబోతే కొనేవాడు ఆ లీజును కూడా నెత్తికెత్తుకోవాలి. ఎంతమంది ఒప్పుకుంటారు? పైగా పెద్ద ప్రైవేటు కరెంటు కంపెనీల పరిధిలో 2023 ఏప్రిల్ 15 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్లకు, గ్రిడ్‌కు పంపే కరెంటుకు ఇచ్చే ధర సుమారు నాలుగో వంతుకు పడిపోయింది. ఆ తర్వాత కూడా పాత లెక్కే చూపించిన ఏజెంటును మా ఇంటి గుమ్మంలోనే చూశాను. సొంతంగా కొనుక్కున్నవాళ్లకు ఖర్చులో 30 శాతం ఫెడరల్ పన్ను రాయితీ ఉండేది, 2025 డిసెంబర్ 31తో అదీ పోయింది. ఉన్నన్నాళ్లూ దాన్ని ఇంటికి చెక్కు వస్తుందన్నట్టే చెప్పారు. నిజానికి అది కట్టాల్సిన పన్నులో తగ్గింపు. పన్నే లేని పెద్దాయనకు దానివల్ల ఒరిగేదేం లేదు.

ఒక్క మంచి మాట చెప్పాలి. కాలిఫోర్నియా పబ్లిక్ యుటిలిటీస్ కమిషన్ సోలార్ కొనేవాళ్ల కోసం ఒక గైడు తయారుచేసింది. పెద్ద ప్రైవేటు కరెంటు కంపెనీల పరిధిలో, కొనేవాడు దాన్ని చదివి సంతకం పెట్టనిదే ప్యానెళ్లను గ్రిడ్‌కు కలపరు. ఇంటికొచ్చి చేయించుకున్న ఒప్పందమైతే మూడు పనిదినాల్లో, 65 ఏళ్లు నిండినవాళ్లయితే ఐదు పనిదినాల్లో రద్దు చేసుకోవచ్చు. మా నాయన చేతికి వచ్చిన కాగితం మాత్రం విజిటింగ్ కార్డు. దాని వెనక పెన్నుతో రాసిన ఒక అంకె.

"ఎక్కడా సంతకం పెట్టకు నాయినా, ముందు కరెంటు బిల్లు ఫొటో పంపు" అన్నాను.

బిల్లు దగ్గరే సగం తేలిపోతుంది. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి, అర్హత ఉన్న తెల్ల రేషన్ కార్డు ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా సున్నా బిల్లే వస్తోంది. మా పక్కింటి పెద్దమ్మకు రెండు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్. ఆమెకు అప్పు ఇప్పించి మరీ సోలార్ అంటగట్టడం నా దృష్టిలో మోసమే, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నా సరే. మా ఇంటి సంగతి వేరు. గృహజ్యోతి లేదు, ఏసీ ఉంది, వేసవిలో మీటరు 400 దాటుతుంది. ఒక కిలోవాట్ రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తుంది. మూడు కిలోవాట్లంటే నెలకు 350 చిల్లర. మాకు పనికొచ్చేదే.

కరెంటు పోయినా ఫ్యాన్లు తిరుగుతాయన్నది మాత్రం పచ్చి అబద్ధం. సబ్సిడీ మీద మామూలుగా పెట్టేవి గ్రిడ్‌కు కలిపే రకం. లైను పోగానే ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది, ఎండ ఎంత మండుతున్నా సరే. అది లోపం కాదు. మన డాబా మీది కరెంటు తీగలోకి ఎక్కితే, స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం పోతుంది. కోతల్లో కూడా ఫ్యాన్లు తిరగాలంటే బ్యాటరీ, దానికి తగ్గ ఇన్వర్టర్ కావాలి. వాటి ఖర్చు కార్డు వెనక అంకెలో లేదు.

సగం డబ్బు సంగతి కూడా అంతే. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో కేంద్రం ఇచ్చేది రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30 వేలు, మూడోదానికి 18 వేలు. మొత్తం 78 వేలు, అంతకు మించి ఎన్ని కిలోవాట్లు పెట్టినా అంతే. ప్యానెళ్లలోని సెల్స్ కూడా మన దేశంలో తయారైనవి కాకపోతే అదీ రాదు. ఆ డబ్బు పడేది ఇంటాయన ఖాతాలో, అమ్మినాయన ఖాతాలో కాదు. పథకం 2026-27 ఆర్థిక సంవత్సరం దాకా ఉంది, నెలాఖరు తొందరంతా ఆయనదే. పాతికేళ్ల గ్యారంటీ అన్నది ప్యానెళ్లకే, ఇన్వర్టర్‌కు అంత కాలం ఎవరూ ఇవ్వరు.

ఇంకో చిక్కు తర్వాత బయటపడింది. మీటరు ఇంకా మా తాత పేరు మీదే ఉంది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. దరఖాస్తు పెట్టే ముందు దక్షిణ తెలంగాణ కరెంటు పంపిణీ సంస్థ (డిస్కమ్) ఆఫీసులో పేరు మార్పించుకోవాలి. మన ఊళ్లల్లో ఇలాంటి ఇళ్లు ఎన్నో!

మేళ్లచెరువు, మఠంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల పక్క ఊళ్లవాళ్లు ఇంకోటి అడగాలి, ప్యానెళ్ల మీద పేరుకునే దుమ్ము ఎవరు కడుగుతారని. కోతులు వైరు పీకితే ఎవరు వస్తారని కూడా. పథకం ప్రకారం అమ్మినవాళ్లే ఐదేళ్లు నిర్వహణ చూడాలి. అందులో ఏమేం వస్తాయో కాగితం మీద రాయించుకోవాలి.

ఇక్కణ్నుంచి అమ్మానాన్నలకు డబ్బు పంపేవాళ్లకు నా మాట ఒకటే. పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో, సోలార్ అమ్మే కంపెనీ పేరు నమోదై ఉందో లేదో మీరే చూడండి. మొత్తం ఒకేసారి పంపకండి, చివరి వాయిదా, గ్రిడ్‌కు పంపే కరెంటునూ లెక్కించే నెట్ మీటరు బిగించాకే ఇవ్వండి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. అమ్మానాన్నల ఫోన్‌లో ఈరోజే సేవ్ చేయించండి.