మామ్మ పలుకు – బ్రిటనీ యాత్ర

ఫ్రాన్సు దేశపు పడమటి కొనను, సముద్రములోనికి చొచ్చుకొనియున్న బ్రిటనీ సీమను మేము దంపతులము దర్శించితిమి. 1532వ సంవత్సరమున నీ సీమ ఫ్రాన్సు రాజ్యమున గలసెను. కాని వీరి బ్రెటన్ భాష ఫ్రెంచికి జ్ఞాతి గాదు, వేల్సు వారి భాషకు చెల్లెలు.

కాంపేర్ పురమున వీథుల పేళ్లు రెండు భాషలందును వ్రాయబడియున్నవి. ఆ పురమునే బ్రెటనులు కెంపెర్ అందురు, నదీసంగమమని యర్థము.

అచ్చట నొక వృద్ధురాలు మా వారికి ఇంగ్లీషున తన తల్లి కథ చెప్పెను. ఆ కాలమున బడిలో బ్రెటన్ పలికిన బిడ్డ మెడలో కొయ్యచెప్పు వ్రేలాడదీసెడివారట. మఱియొక బిడ్డ యట్లే పలికినచో నది వాని మెడకు మాఱును. సాయంకాలమున నెవని మెడనున్న వానికి దండనము! ఆ సిగ్గుచేతనే తల్లి తనకు స్వభాష నేర్పలేదని యామె కన్నీరు దుడుచుకొనెను. బడిపంతులగు మా వారు తలవంచుకొనిరి.

ఇరువదవ శతాబ్ది నడుమ దాదాపు పదిలక్షలమంది పలికిన భాషను, 2024 నాటి విచారణలో లక్షయు నేడువేలమందియే పలుకుదురని తేలెను. అయినను 1977లో దివాన్ అను బ్రెటన్ బడులు వెలసినవి. దివాన్ అనగా మొలకెత్తుట. ఆమె మనుమరాలచ్చటనే చదువుచు, అవ్వకు దినమొక మాట నేర్పుచున్నదట.

మేము సెలవు గైకొనునప్పుడా బాలిక “మామ్‌గోజ్!” అని పిలిచెను. అవ్వ యని యర్థమట. మాకు మన మామ్మ పిలుపే వినబడినట్లయ్యెను.