ఎర్ర సిరా

ఇరవై యేళ్ళుగా పిల్లల వ్యాసాలు దిద్దుతున్న చెయ్యి నాది. మొన్న ఒక ప్రత్యేక సంచికకు "పోతన ఓరుగల్లువాడే" అని వ్యాసం రాశాను. వరంగల్లులో కాపురమున్న తెలుగు మాస్టారు అంతకన్న ఏం రాస్తాడు? చదువుకుంటే నాకే ముచ్చటేసింది. కవరు అంటించబోయే ముందు వంటింట్లోకి వెళ్ళి మా ఆవిడకు వినిపించాను.

ఆవిడ పుట్టిల్లు కడప. పోతన ఒంటిమిట్ట వాడని ఉగ్గుపాలతో నేర్చిన మనిషి. పోట్లాడుతుందనుకున్నాను. పోట్లాడలేదు.

"బమ్మెర అనే ఊరుంది గనుక బమ్మెర పోతన అక్కడే పుట్టాడన్నారు. సరేనండీ, మరి మన యింటిపేరుగల ఊరు మీరెన్నడైనా చూశారా?" అంది, చిక్కుడుకాయలు ఒలుస్తూ.

చూడలేదు. మా తాతగారూ చూడలేదు.

కిందటి వారమే ఒక కుర్రాడి వ్యాసం మీద "ఎదుటివారి వాదం ఏదీ?" అని ఎర్ర సిరాతో రాసి నాలుగు మార్కులు కోశాను. ఆ కలమే తెచ్చుకుని నా కాగితాల ముందు కూర్చున్నాను.

మొదటి గీత ఇంటిపేరు కింద పడింది. అది వంశం ఎక్కడిదో చెప్పవచ్చును గాని, మనిషి ఎక్కడ పుట్టాడో చెప్పదు. రెండవది, భాగవతం అవతారికలో పోతన ఏకశిలానగరానికి వచ్చానన్నాడు. ఓరుగల్లే ఏకశిల అని తేల్చేశాను. ఒంటిమిట్టలో సీతారామలక్ష్మణుల విగ్రహాలు ఒకే శిలలో వున్నాయనీ, ఆ ఊరినీ ఏకశిలానగరమంటారనీ నాకు తెలుసు. తెలిసే దాచాను. మూడవదానికి నవ్వొచ్చింది. "మన వరంగల్లు జిల్లాలోని బమ్మెర" అన్నాను. 2016లో జిల్లాలు విడదీసినప్పుడే బమ్మెర జనగామ జిల్లాలోకి వెళ్ళింది! ఇక "నిస్సందేహంగా" అన్న మాట ఆరుచోట్ల వుంది. ఆధారం పలచబడిన చోటల్లా అదే!

తిరగరాశాను. ఒంటిమిట్ట వాదాన్ని ముందుగా, మా మామగారు విన్నా తలూపేటట్టు రాసి, తరువాత నా మాట చెప్పాను. పోతనదని చెప్పే భోగినీ దండకం రాచకొండ పాలకుడు సర్వజ్ఞ సింగభూపాలుని గూర్చినది. అది పోతనది కాదనేవారూ వున్నారు, ఆ మాటా రాశాను. శిష్యుడు వెలిగందల నారయను కరీంనగరు దగ్గరి ఎలగందులతో ముడిపెట్టబోయి నాలుక కరచుకున్నాను. మళ్ళీ ఇంటిపేరే గదా! చివరకు "నిస్సందేహంగా" పోయి "నా నమ్మకం" మిగిలింది. నమ్మకం మాత్రం ఓరుగల్లు మీదనే.

మరునాడు ఆ కుర్రాణ్ణి పిలిచి, ఎర్రగీతలతో నిండిన నా మొదటి ప్రతి చేతికిచ్చాను. అంతా చదివి, బెరుకుగా, "దీనికి ఎన్ని మార్కులు సార్?" అన్నాడు.

"నీకంటే తక్కువే నాయనా. ఎదుటి వాదం నువ్వు తెలియక వదిలేశావు," అన్నాను.