పారువేట చెప్పే ధర్మం

కనుమనాడు అహోబిల నారసింహస్వామి పల్లకిలో పారువేటకు బయలువెడలుతారు. నలభై దినాలకు పైగా పరిసర గ్రామాలలో సంచరించి, తమ కల్యాణానికి రమ్మని జనులను స్వయంగా ఆహ్వానిస్తారు. చెంచులక్ష్మిని పరిణయమాడిన స్వామి చెంచులకు అల్లుడు. సర్వజగన్నియామకుడే అత్తవారి గడప వద్ద అడిగి పిలిచే సంప్రదాయమిది. అదే నల్లమలలో, కృష్ణకు ఉత్తరాన, 2019లో ఈ మర్యాద విస్మృతమైంది.

ఆ ఏడు మే మాసంలో కేంద్ర అటవీ సలహా సంఘం అమ్రాబాదు పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్ల పరిధిలో యురేనియం అన్వేషణకు సూత్రప్రాయంగా సమ్మతించింది. ప్రతిపాదనలో ఉన్నవి నాలుగు వేల బోరు రంధ్రాలు. అమ్రాబాదు, పదర మండలాల ప్రజలు, చెంచుపెంటల వారు నిరసనకు దిగారు. ఇది తవ్వకం కాదు, కేవలం పరీక్ష అని కొందరు సమాధానమిచ్చారు. కాని యంత్రాలు చేరాలంటే అడవిలో బాటలు పడాలి. రంధ్రాలు భూగర్భజలాల పొరలను ఛేదించుకొని పోవాలి. పైగా, దొరికిన పిదప వదలివేయడానికి ఎవరూ నిధిని వెదకరు.

ప్రతిపక్షవాదం తేలికైనది కాదు. దేశానికి విద్యుత్తు అవసరం. ఆలయ గోపురంపై వెలిగే దీపతోరణాలకూ అదే ఆధారం. ఈశోపనిషత్తు ప్రథమ మంత్రం సైతం భోగాన్ని నిషేధించలేదు. త్యాగంతో అనుభవించమని, పరధనాన్ని ఆశించవద్దని మాత్రమే శాసించింది. అయితే ఆ త్యాగం ఎవరిది? యజ్ఞంలో ఆహుతి అగ్నిని చేరే క్షణాన యజమాని 'ఇది నాది కాదు' అని స్వత్వాన్ని విడుస్తాడు. విడిచేది తన ద్రవ్యాన్నే. పరుల గోవును తెచ్చి దానమిచ్చినవానికి పుణ్యం రాదు, దోషమే మిగులుతుంది. నగరాల వెలుగు కొరకు చెంచుల నీటిని, తేనెను, నివాసాన్ని త్యాగమనే పేరుతో సమర్పించే అధికారం ఇతరులకు లేదు. ఇచ్చేదుంటే వారే ఇవ్వాలి, వారు ఇవ్వమన్నారు.

సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలను వ్యతిరేకిస్తూ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఐనా లోహం భూగర్భంలోనే ఉన్నది, మానవుని ఆశ పైన ఉన్నది. మన్ననూరు దాటి శ్రీశైలానికి సాగే యాత్రికులు ఆ చెట్ల నీడలో మల్లన్నను స్మరిస్తారు. తాము పరుల ఇంటి ముంగిట నడుస్తున్నామనే స్పృహ కూడా ఆ స్మరణతో కలిస్తే యాత్రాఫలం సంపూర్ణమవుతుంది.