అంటు ఎక్కడ కట్టారో చూడండి

మృగశిర కార్తె వచ్చి వారమైంది. రెండు మంచి వానలు పడ్డాయి. ఉదయాన్నే మా సంఘములోని ఒక తల్లి ఫోను చేసి, "అయ్యగారూ, గొయ్యి తీసి నెల దాటింది. ఇక మొక్క తెద్దామా?" అని అడిగారు. ఆమె వనస్థలిపురంలో ఉంటారు. మొక్క అనగానే నాకు గుండెలో గుచ్చుకున్నట్లయింది. ఎందుకో చెబుతాను.

పన్నెండేళ్ల క్రితం వారి గృహప్రవేశానికి నేనొక బంగినపల్లి అంటు ఇచ్చాను. మే నెల ఎండలో, రోడ్డు ప్రక్క బండి మీద కొన్నది. ఆ వేసవిలోనే అంటు కట్టిన పైకొమ్మ ఎండిపోయింది. క్రింది నాటు మొక్క నుండి చిగురు వచ్చింది. బ్రతికిందిలే అని అందరము సంతోషించి దానినే పెంచాము! ఆమె భర్త ప్రతి సంక్రాంతికి పూత కోసం కొమ్మలు వెదికేవారు. "ఈ యేడైనా కాస్తుందా అయ్యగారూ?" అనేవారు. ఆయన ప్రభువునందు నిద్రించిన మరుసటి యేడు కాసింది. అన్నీ పుల్లని పీచుకాయలే.

ఈసారి నేనే వెంట వెళ్లాను. దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కితే కొత్తపేట వస్తుంది. 1986 నుండి 2021 వరకు గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు అక్కడే ఉండేది. వేసవిలో బస్సులోకే మామిడి వాసన వచ్చేది. ఆ తరువాత మార్కెట్టు బాటసింగారం వెళ్లింది. ఎల్బీ నగర్ కూడలిలో సాగర్ రోడ్డు కుడికి చీలిపోగా, మా బస్సు విజయవాడ రోడ్డున సాగింది. పనామా దగ్గర ఆ తల్లిని కలుసుకొని, హయత్‌నగర్ దాటాక ఒక నర్సరీ ముందు దిగాము. నర్సరీ అతను గోదావరి మనిషి. మొక్కలు కడియం నుండి వస్తాయట.

ఆమె కాయలు వ్రేలాడుతున్న మొక్క దగ్గర నిలబడిపోయారు. చిన్న సంచిలో కాయలు మోసి అలసిన మొక్కకంటే, కాయలు లేని ఏడాది మొక్క మేలని చెప్పాను. మామిడి అయితే అంటు అతుకు మట్టికి జానెడు పైన కనబడాలి, అతుకు క్రింద చిగురు ఉండకూడదు, వచ్చినా వెంటనే గిల్లివేయాలి. మొదటి మూడేండ్ల పూత త్రుంచివేయుట మంచిది. లేవీయకాండము 19వ అధ్యాయములో మూడేండ్లు ఫలము తినరాదన్న ఆజ్ఞ ఉన్నది. కారణము వేరైనా, నాటినప్పుడెల్లా నాకు అది జ్ఞాపకము వస్తుంది.

ఆమె ఇంటి ముందున్నది ఆరడుగుల స్థలమే. అందులో మామిడి పట్టదు. నీళ్లు తక్కువైతే బాలానగర్ సీతాఫలం చాలు. ఆమె మాత్రం జామ అడిగారు. అలహాబాద్ సఫేదా తీసుకున్నాము.

"ఇది కొమ్మకే వేళ్లు పుట్టించి కోసిందండి. కింద వేరే రకం ఉండదు, బెంగెట్టుకోకండి" అన్నాడతను. ఆ మాటకు నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను.

సాయంత్రము చల్లబడ్డాక నాటాము. రెండడుగుల గొయ్యి మే ఎండకు బాగా ఎండింది. పైమట్టిలో మాగిన పశువుల ఎరువు, కొంచెము వేపపిండి కలిపి నింపాము. కవరు చింపి, మట్టిగడ్డ చెదరకుండా దించి, కర్ర పాతి కట్టాము.

"ఆ మామిడి కొట్టించేద్దామా అమ్మా?" అని అడిగాను.

"వద్దయ్యగారూ, ఆయన నీళ్లు పోసిన చెట్టు" అంటూ లోనికి వెళ్లి, ఆ కాయలతో పెట్టిన ఆవకాయ సీసా తెచ్చి నా చేతిలో పెట్టారు.