హలాల్ ముద్ర

మా బాల్యంలో కర్నూలులో హలాల్‌కు ముద్ర ఉండేది కాదు. ఆదివారం ఉదయం నాన్నగారి వెంట మాంసం కొట్టుకు వెళ్ళేవారం. గొర్రెను పెంచినది కురుబ సోదరుడు, కోసినది మనవాడు. ఆ కోసినవాడు ఎవరి కుమారుడో, ఏ మసీదులో నమాజు చేస్తాడో నాన్నగారికి తెలుసు. బిస్మిల్లా చెప్పి కోశావా అని అడిగితే నొచ్చుకునేవాడు. ఎవరూ అడిగేవారు కారు. ఇంట్లో హలాల్ అంటే ముందు కమాయీ, తరువాతనే కూర.

ముద్రను మేము మొదట చూసినది మా ఖాలా తెచ్చిన బిస్కట్ల పొట్లం మీద. రాయచోటి ప్రాంతపు వేలాది స్త్రీల వలెనే ఆమె కూడా ఇంటిపనికి కువైట్ వెళ్ళింది. బిస్కట్‌లో మాంసం లేదు గదా, దీనికి హలాల్ ఎందుకని నవ్వుకున్నాము. కొవ్వు, జెలటిన్, ఆల్కహాలు కర్మాగారంలో ఎక్కడ కలుస్తాయో తినేవానికి కనబడదు. కొట్టువాని ముఖం లేనిచోట కాగితం కావలసి వచ్చిందని తరువాత బోధపడింది.

మలేసియాలో 1974 లోనే ఈ ధ్రువపత్రాలు ఆరంభమైనాయి. 2022లో ప్రపంచ ముస్లిములు ఆహారం మీద వెచ్చించినది సుమారు 1.4 లక్షల కోట్ల డాలర్లని దినార్ స్టాండర్డ్ నివేదిక. మన దేశం నుండి ముఖ్యంగా వెళ్ళేది గేదె మాంసం. 2024 అక్టోబరు 16 నుండి కువైట్ సహా 15 దేశాలకు హలాల్ ముద్రతో మాంసం పంపాలంటే ప్రభుత్వ ఐ-క్యాస్ పథకం కింద గుర్తింపు పొందిన సంస్థ పత్రం తప్పనిసరి. మా విద్యార్థులు కొందరు ఈ తనిఖీ ఉద్యోగాలపై ఆశ పెట్టుకున్నారు. మంచిదే, మెట్టసీమ బిడ్డలకు ఎడారి పయనం తప్పితే అంతకంటె ఏమి కావాలి!

అయితే ఖాలా సంగతి మరపునకు రాదు. ఆ ఇంటివారు ఆమెను మూడు నెలల జీతం ఇవ్వకుండానే పంపివేశారు. వారి వంటింట్లో డబ్బా డబ్బాకూ ముద్ర ఉండేదట. "అంతా హలాలే బేటా, నా జీతం తప్ప" అని నవ్వేది. ముద్ర వేసేవారు కత్తిని చూస్తారు, ముడిసరుకును చూస్తారు. పొట్లం విప్పి వండే మనిషి వారి కంటికి ఆనదు.

కామర్సు శాఖవారు హలాల్ వ్యాపారంపై సదస్సు తలపెట్టారు. కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఒకటే: వేదిక మీద ఎగుమతిదారు పక్కన, కువైట్ నుండి తిరిగి వచ్చిన ఒక స్త్రీకి కూడా కుర్చీ వేయించండి. ఖాలా రానంటున్నది. ఆమె పొరుగింటామె వస్తానన్నది.