పాత కార్డు

రంజాన్ ఆగస్టులో వచ్చిన ఏడాది సంగతి ఇది. సెహరీ, ఇఫ్తార్ వేళల కార్డు ఫ్రిజ్ మీద నేనే అంటించాను. మూడో రోజా నాడు అబ్బా ఇంకా చాయ్ తాగుతూనే ఉన్నారు, మసీదు సైరన్ మోగేసింది. కార్డు ప్రకారం ఇంకా మూడు నిమిషాలు ఉంది. తీసి చూస్తే అది కిందటేడాది కార్డు! అదే నెలవంక బొమ్మ, అదే ఆకుపచ్చ రంగు, అవే ముప్ఫై రోజాలు. అంకెలే వేరు. అబ్బా నన్ను ఒక్క మాట అనలేదు. ఈద్ తర్వాత ఆ రోజా ఖజా చేసుకున్నారు.

విమానాల దునియాలో ఈ గలతీకి ఖజా లేదు. అందుకే అక్కడ ఇంతెజామ్ గట్టిగా ఉంటుంది. విమానాశ్రయంలో దిగే రాస్తాల నక్షాలు ఎప్పుడంటే అప్పుడు మారవు. 28 రోజులకోసారి, జుమేరాత్ నాడు, దునియా అంతటా ఒకేసారి అమల్లోకి వస్తాయి. ప్రతి రాస్తా పేరులో ఓ అంకె ఉంటుంది. రాస్తా మారితే ఆ అంకె కూడా మారుతుంది. పైలట్ పాత అంకె పలికితే కింద కంట్రోలర్ వెంటనే పట్టుకోగలడు. పేరు అదే ఉండి, దారి మాత్రం మారిపోతేనే అసలు ఖతరా.

1979 నవంబర్ 28న అలాగే జరిగింది. ఎయిర్ న్యూజిలాండ్ విమానం ఒకటి ఆక్లాండ్ నుంచి అంటార్కిటికా చూపించడానికి బయల్దేరింది. 19 రోజుల ముందు పైలట్లకు చూపిన దారి మెక్‌మర్డో వైపు చదునైన మంచు మీదుగా పోతుంది. ప్రయాణం రోజు తెల్లవారుజామున కంపెనీ కంప్యూటర్లో అంకెలు మార్చింది. కొత్త దారి సుమారు 27 మైళ్లు తూర్పుకు జరిగి, ఎరెబస్ అగ్నిపర్వతం మీదికి పోయింది. పైలట్లకు ఎవరూ ఖబర్ ఇవ్వలేదు. మెక్‌మర్డో కంట్రోలర్లకు పంపిన ప్లాన్‌లో ఆ చివరి మంజిల్‌కు అంకెలు లేవు, ఉత్త పేరే ఉంది. కాబట్టి వాళ్లకూ షక్ రాలేదు. తెల్లటి మేఘం కింద తెల్లటి కొండ పైలట్ల కళ్లకు ఆనలేదు. 257 మంది చనిపోయారు. ఇన్నాలిల్లాహ్.

మొదటి దర్యాప్తు కసూర్ పైలట్లదే అంది. 1981లో జస్టిస్ పీటర్ మహోన్ కమిషన్ అసలు సబబ్ చెప్పింది: దారి మార్చి, నడిపేవాళ్లకు చెప్పకపోవడం. న్యూజిలాండ్ ప్రధాని ఆ కుటుంబాలను మాఫీ అడిగేసరికి 2019 వచ్చింది. నలభై ఏళ్లు! అంతకాలం ఆ పైలట్ల బీవీబచ్చాలు ఎన్ని మాటలు పడి ఉంటారో. తప్పుడు కార్డు అంటించింది నేనైతే, మాట పడాల్సింది అబ్బానా?

ఇప్పుడు షాబాన్ చివర్లో కొత్త కార్డు ఇంటికి రాగానే ముందు పాతది చించేస్తాను. తర్వాత ఊళ్లో ఉన్న అబ్బాకు ఫోన్ చేసి మొదటి రోజా వేళలు చదువుతాను. ఆయన వాటిని తిరిగి నాకు వినిపించాలి. పైలట్లు, కంట్రోలర్లు అలాగే చేస్తారని చెప్పాను.

"నన్ను పైలట్‌ను చేసేశావురా" అని నవ్వుతారు. కానీ అంకెలు మాత్రం తప్పకుండా చదువుతారు.